ఇంకా ఇరవై మూడు రోజులు

నా రిటైర్మెంటు సభకు పెద్దగా కూర్చున్న చీఫ్ ఇంజనీరు గారికి, గ్రాంటు ఇచ్చిన సంస్థ తరఫున ఇంత దూరం శ్రమపడి వచ్చిన మేడం గారికి, నాతో పాటు క్లోరిన్ వాసన పీల్చి తుమ్మిన తోటి ఉద్యోగులకు, మా ప్లాంటు నీళ్ళు తాగి ఇన్నేళ్ళూ మమ్మల్ని నమ్మిన ఊరి పెద్దలకు, మూడో వరుసలో కూర్చుని 'తొందరగా ముగించండి' అని కళ్ళతోనే చెబుతున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళందరూ పొగడ్తకు పన్ను లేదు కదా అని నన్ను ధైర్యవంతుణ్ణి చేసేశారు. నేను పిరికివాణ్ణండీ. ముప్ఫై మూడేళ్ళు ఈ ల్యాబులో నాచేత పని చేయించింది నా భయమే. నన్ను అందరూ చుక్కలాయన అంటారు. ఇంజనీరు గారికి చుక్కలు చూపించానని కాదు, గాజు గొట్టంలో నీళ్ళు పట్టి రెండు చుక్కల మందు వేస్తానని. నీళ్ళలో క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది, లేకపోతే నీళ్ళు నీళ్ళలాగే ఉండిపోతాయి. ఆ సీసా నా జేబులో లేని రోజు లేదు. వియ్యాలవారింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు వాళ్ళిచ్చిన మంచినీళ్ళలో కూడా చుక్కలు వేశాను. రెండేళ్ళు వాళ్ళు మాతో మాట్లాడలేదు. (నవ్వులు) "పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు, మీకు పచ్చగా కనబడకపోతే నిద్ర పట్టదు" అని మా ఆవిడ అప్పుడే అంది.

గ్రాంటు సంగతికి వస్తాను. నాలుగేళ్ళ కిందట కరెంటు పోయినప్పుడల్లా మా క్లోరిన్ మిషను ఆగిపోయేది. క్లోరిన్ కలిపే మిషను, కొలిచే మిషను ఎండ కరెంటుతో నడుపుకొనే ఊళ్ళకు గ్రాంటు ఇస్తారని తెలిసి, ఇంజనీరు గారూ నేనూ ల్యాబు బల్ల మీదే కూర్చుని దరఖాస్తు రాశాం. అందులో ఒక ప్రశ్న ఉంది: ఈ ప్రాజెక్టు వల్ల ఏ పని తగ్గుతుంది? ఆయన పెన్ను కొరుకుతున్నారు. నేనే అందుకుని రాశాను: 'ఇకపై చేతి పరీక్ష అవసరం ఉండదు.' ఆయన నా వీపు తట్టి "భలే రాశావయ్యా, ఈ ఒక్క ముక్కకే వచ్చేస్తుంది చూడు" అన్నారు. వచ్చింది. ఇందాక మేడం గారు మెచ్చుకుంటూ చదివి వినిపించింది కూడా ఆ ముక్కే. చప్పట్లు కొడుతుంటే నేను తల దించుకున్నాను. మీరు వినయం అనుకుని ఉంటారు.

ఇప్పుడు చెప్పబోయేది మా ఆవిడకు కూడా తెలియదు.

ఇరవై ఎనిమిది రోజుల కిందట ముసురు పట్టింది, గుర్తుందా? మూడు రోజులు సూర్యుడు మొహం చూపించలేదు. మూడో రోజు, అంటే ఇవాళ్టికి ఇరవై ఆరు రోజుల కిందట, పదకొండింటికి నేను ల్యాబు కుళాయి కింద చేతులు కడుక్కుంటే వాసన రాలేదు. ఆఫీసులో తెర మీద చూస్తే క్లోరిన్ సరిగ్గా ఉంది, సున్నా పాయింట్ ఐదు. అయినా పాత అలవాటు కదా, చుక్కలు వేశాను. నీళ్ళు నీళ్ళలాగే ఉండిపోయాయి. మళ్ళీ వేశాను. మళ్ళీ అంతే. నేరుగా పైకప్పు ఎక్కాను.

పైకప్పు మీద బ్యాటరీ చచ్చిపోయింది. క్లోరిన్ కలిపే మిషనూ ఆగింది, కొలిచే మిషనూ ఆగింది. నీళ్ళు తోడే పెద్ద పంపులు, ఆఫీసు తెర మాత్రం మామూలు కరెంటు మీద హాయిగా నడుస్తున్నాయి. కొత్త అంకె రాకపోయేసరికి తెర పాత అంకెనే చూపిస్తూ కూర్చుంది. మిషను ఎప్పుడు ఆగిందో చెప్పేవాళ్ళు లేరు. చెప్పాల్సిన చేతి పరీక్షను నేనే ఒక్క వాక్యంతో కొట్టేశాను.

పంపు నడిపే కుర్రాడూ నేనూ బ్లీచింగు కలిపి ట్యాంకులో చేత్తోనే పోశాం. "అన్నా, పైవాళ్ళకి చెబుదాం" అన్నాడు వాడు. నోరు మూసుకోమన్నది నేను. తమ్ముడూ, లేవకు, కూర్చో. తప్పు నీది కాదు.

ఎందుకు దాచానంటే, అదిగో, వెనక వరుసలో కొండ మీది తొమ్మిది ఊళ్ళ పెద్దలున్నారు. వాగు నీళ్ళు గుడ్డలో వడకట్టుకుని తాగుతున్నారు. రెండో విడత గ్రాంటు వాళ్ళకి. మేడం గారు ఇవాళ సాయంత్రం సంతకం పెట్టాలి. చెబితే వాళ్ళ నోటి దగ్గరి నీళ్ళు లాక్కున్నవాణ్ణవుతాను, చెప్పకపోతే ఆ పాత అంకెనే వాళ్ళకీ పంపినవాణ్ణవుతాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒక డాక్టరు గారిని ఊరికే అడిగినట్టు అడిగాను. మురికి నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు బయటపడటానికి ఒక్కోసారి ఏడు వారాలు పడుతుందన్నారు. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. ముప్ఫై మూడేళ్ళు నీళ్ళలో పసుపు రంగు కోసం వెతికినవాణ్ణి, ఈ ఇరవై ఆరు రోజులుగా మనుషుల కళ్ళలో అది కనబడకూడదని వెతుకుతున్నాను. బస్సులో పక్కవాడి కళ్ళు చూస్తాను. బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి పిల్లల కళ్ళు చూస్తాను. ఇందాక మీరంతా వరసగా వచ్చి చెయ్యి కలిపారే, ఒక్కరి అభినందనా నా చెవికెక్కలేదు. మీ కళ్ళే చూస్తున్నాను. భయంగా ఉందండీ. ఇప్పుడు కూడా.

(సభలో కలకలం)

ఇంజనీరు గారూ, రెండు నిమిషాలు. ఎవరికైనా జ్వరం, వాంతులు, ఆకలి లేకపోవడం, కళ్ళు పచ్చబడటం ఉంటే ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పోతే పోయింది మర్యాద, నా పేరు చెప్పండి. మేడం గారూ, ఆ తొమ్మిది ఊళ్ళకి గ్రాంటు ఆపకండి. నేను రాసిన వాక్యం మాత్రం కొట్టేయండి. దాని బదులు ముసురుకు తట్టుకునే బ్యాటరీ, ఊరికొక మనిషి, మనిషికొక చుక్కల సీసా అని రాయండి. కొలత రానప్పుడు తెర ఖాళీగా ఉండాలని కూడా రాయండి. తెలియదు అని చెప్పగలిగే మిషను కావాలి మనకి. నేనే చెప్పలేకపోయాను కదా.

బయట మళ్ళీ మబ్బు పట్టింది, చూశారా? మేడం, మీ గ్లాసు ఒకసారి ఇస్తారా?

(జేబులోంచి సీసా తీసి రెండు చుక్కలు వేశారు.)

పసుపు తిరిగింది. ఇవి తాగకండి, మందు కలిసింది. జగ్గులోవి తాగండి.

తమ్ముడూ, ఇలా రా. ఈ సీసా నీది. నోరు మూసుకోమని ఎవరన్నా, నేనన్నా సరే, వినకు.

ఓపిగ్గా విన్న పెద్దలకు, ఇన్నేళ్ళు భరించిన స్నేహితులకు, మూడో వరుసలో కళ్ళు తుడుచుకుంటున్న మా ఆవిడకు కృతజ్ఞతలు. ఉద్యోగం ఇవాళ్టితో అయిపోయింది. ఆ ఏడు వారాలు నిండేదాకా నా భయానికి మాత్రం ఇంకా ఇరవై మూడు రోజుల డ్యూటీ ఉంది. రేపు ఆరింటికల్లా కుళాయి దగ్గరికొస్తాను, ప్లాంటు గేటు దగ్గర నన్ను ఆపకండి. అందాకా, సెలవు.