కొంగ మీద కర్టెను

అక్క టైలరు. తమ్ముడు అడవి జంతువుల ఫొటోలు తీస్తాడు. ఫోనులో ఇద్దరూ ఊరకుండరు గానీ, అసలు మాట మాత్రం ఇద్దరి నోటా రాదు. ఆ మధ్యాహ్నమూ అలాగే మొదలైంది.

“తిన్నానక్కా, తిన్నాను. ఎన్నిసార్లు అడుగుతావ్?”

“అడవిలో ఏం తిన్నావురా?”

“ఏముంటాయి ఇక్కడ... బిస్కెట్లు.”

“బిస్కెట్లూ ఒక తిండేనా! సరేగానీ, ఆ కిర్రు కిర్రు ఏంటి?”

“ఏ కిర్రు?”

“ఇదిగో, మళ్లీ. కిర్రు... కిర్రు...”

“అదా... కీచురాళ్లు.”

“పట్టపగలు కీచురాళ్లా?”

“అడవి కదక్కా. వాటికి పగలేంటి, రాత్రేంటి.”

“నీ గదిలో ఫ్యానూ అచ్చం ఇలాగే అరుస్తుంది.”

“నువ్వు మరీనూ... పొద్దున పంపిన కొంగ చూశావా?”

“చూశాను. దాని గురించే ఫోను. ఆ ఫొటో మీద గరుగ్గా ఉందేంటి? ఏదో పాత గుడ్డ మీద అచ్చేసినట్టు.”

“అదే టెక్స్‌చర్ లేయర్! బాగుందా?”

“ముందు నాకర్థమయ్యేలా చెప్పు. బాగుందో లేదో తర్వాత చెప్తాను.”

“కొంగ వెనకాల ఆకాశం ఉత్త తెల్లగా, బోసిగా ఉందనుకో. అప్పుడు ఇంకో ఫొటో తెస్తాం. గోడదో, గుడ్డదో, తుప్పు రేకుదో. దాన్ని కొంగ మీద పొరలా పరిచి పల్చన చేస్తాం. రెండూ కలిసిపోతాయి.”

“లైనింగు వేసినట్టు.”

“లైనింగు లోపల కదా వేస్తారు. ఇది పైన.”

“మరి కొంగ మొహం మీద గరుకు లేదే?”

“అక్కడ తుడిచేస్తాం. కన్నూ ముక్కూ శుభ్రంగా ఉండాలి. ప్రాణమంతా కంట్లోనే కదక్కా.”

“ఊఁ. ఇంతకీ ఈ కొంగ మీద పరిచిన గుడ్డ ఎక్కడిది?”

“ఏదో... దారిలో టీ కొట్టు దగ్గర వేలాడుతుంటే తీశాను.”

“ఓరి నీ! ఆ టీ కొట్టువాడికి కూడా కర్టెను నేనే కుట్టానా?”

“నువ్వు కుట్టిందేంటక్కా?”

“అంచు మడత దగ్గర కుట్టు వంకర పోతే విప్పి మళ్లీ కుట్టాను. పాత సూది గుర్తులు ఇంకా ఉన్నాయి. నీ గది కిటికీకేరా అది. పోయినసారి జింక మీద నీ చెమ్మ గోడ. అంతకుముందు నక్క మీద నీ దుప్పటి. అడవిలో జంతువులన్నీ నీ గదిలోనే కాపురం పెట్టాయా?”

“అక్కా, సిగ్నల్ సరిగా లేదు...”

“నాకు పక్కనే ఉన్నట్టు వినపడుతున్నావు. చెప్పు.”

“...అన్నీ పాతవేనక్కా. పొర మారిస్తే కొత్తవాటిలా ఉంటాయని.”

“మీ బావతో వెళ్లినప్పటివి.”

“ఊఁ.”

“ఆ తర్వాత వెళ్లనే లేదు.”

“బ్యాగు సర్దుకుంటాను. గుమ్మం దాకా వస్తాను. ‘ఇంకెంతసేపురా బాబూ’ అని పక్కన నసపెట్టేవాడు లేడు కదా... కాళ్లు కదలవు.”

“మరి నాతో ఈ అబద్ధాలెందుకు?”

“నేను తిరుగుతున్నానంటే నీకు కాస్త ధైర్యంగా ఉంటుందని.”

“బాగానే ఉంది. నేను నీతో ‘చేతినిండా పని’ అన్నట్టే.”

“అంటే? పని లేదా?”

“మిషను మీద గుడ్డ కప్పి ఎన్నాళ్లయిందో.”

“అక్కా!”

“నా సంగతి తర్వాత. ఇది చెప్పు. మొహం దగ్గర పొర తుడిచావు. ఎడమ మూలన మాత్రం పొర మీద పొర వేశావు. ఎందుకని?”

“మూలనా... అక్కడ తుంగ గడ్డి అడ్డొచ్చింది.”

“తుంగకి బొత్తాలుంటాయా?”

“బొత్తమా? ఎక్కడ?”

“నీలం చొక్కా చేతికి తెల్ల బొత్తం. నీలం బొత్తం దొరక్క నేనే కుట్టాను. ‘ఎవరు చూస్తారులే’ అన్నారు మీ బావ. నువ్వు ఎంత కప్పినా అది కనిపిస్తూనే ఉందిరా.”

“బావ చెయ్యేనక్కా. నాకు అడ్డం రాకుండా తుంగని పక్కకి లాగి పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే కదా గుండె... నువ్వు చూస్తే తట్టుకోలేవని కప్పేశాను.”

“మరి ఆ ఫొటోయే ఎందుకు పంపావు?”

“మిగతావన్నీ అయిపోయాయి. అదొక్కటే మిగిలింది. ఇవాళ ఏమీ పంపకపోతే రేపు నువ్వు ఫోను చెయ్యవేమోనని భయమేసింది.”

“పిచ్చి సన్నాసీ.”

“ఏడుస్తున్నావా?”

“బీరువా నిండా ఆయన చొక్కాలే ఉన్నాయిరా. చెయ్యే లేదు.”

“పొర తీసేసి పంపనా?”

“వద్దు.”

“మరి?”

“ఫోనులో అయితే ఒక్కదాన్నే చూడాలి. నావల్ల కాదు.”

“రేపు నేనే తెస్తాను. రేపు తప్పకుండా వస్తానక్కా.”

“గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవాడివి, ఎక్కడికొస్తావు? ముందు ఆ కర్టెను పక్కకి లాగు. ఎండకి మాడిపోతున్నాను. నీ కీచురాళ్లు ఇందాకట్నుంచీ నాకు ఫోనులోంచి కాదు, కిటికీలోంచి వినపడుతున్నాయి.”