నీళ్ళలో పుట్టిన మందు

టై బాగానే ఉందిలెండి. అన్నిసార్లు అద్దంలో చూసుకుంటే ఇంకో పతకం ఇస్తారా ఏం?

ఏమిటా చూపు? ఆహ్వానం మీద ఏమేశారో చదివారుగా. ‘విషపు సాల్వెంట్లు లేకుండా, ఒట్టి నీళ్ళలో జ్వరం మందు తయారుచేసిన శాస్త్రవేత్త’. ఆహా, వినడానికి ఎంత చల్లగా ఉందండీ.

నీళ్ళలోనే చేశారు, కాదనను. మరి ఆ నీళ్ళలోంచి మందుని బయటికి తీసిందేమిటో? గ్లాసుడు నీళ్ళలో పుట్టిన చిటికెడు మందుకి బకెట్టుడు సాల్వెంట్, అదే ఆ విషపు ద్రావకం, పోసి కడిగాం కదా! వ్యాసంలో దానికి ఒక్క ముక్క: ‘తరువాత శుద్ధి చేయబడినది.’ ఎవరు చేశారట శుద్ధి, గాలా? పైన పటారం, లోన లొటారం.

కడిగింది నేను. మీతోపాటు అదే చదువు చదివినదాన్నే, కానీ ఇంటి మనిషిని కదా, ముక్కు మండినా నోరెత్తనని మీ ధీమా. మందపాటి గ్లౌజులు తెప్పించమంటే నా కొలత దొరకడం లేదన్నారు. ఇదిగో చూడండి, తోలు ఎలా లేచిపోతోందో. మొన్న పాపకి జడ వేస్తుంటే, నీ చేతులు గీరుకుంటున్నాయమ్మా, నాన్నతో వేయించుకుంటానంది. మీరు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

నేను వేరే దారి చూపించలేదా? కదపకుండా మెల్లగా చల్లారనిస్తే మందు ఉప్పు రవ్వల్లా అడుగున పేరుకుంటుంది, వడకట్టుకుంటే చాలు, సాల్వెంట్ చుక్క అక్కర్లేదన్నాను. చేసి చూపించాను కూడా. మీరేమన్నారు? “దిగుబడి సగానికి పడిపోతుందే, సగం దిగుబడికి పతకాలెవరిస్తారే?” అన్నారు. మందు తగ్గితే మళ్ళీ చేసుకోవచ్చండీ. చేతులో?

ఇప్పుడేమో, నీళ్ళలోంచి ఎలా తీశారని వేదిక మీద ఎవరైనా అడిగితే నేను లేచి ఏదో ఒకటి సర్దిచెప్పాలట. ఎందుకండీ, పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడం?

భయపడకండి, ఎవరూ అడగరు. ఆ హాల్లో కూర్చునేవాళ్ళంతా ఇలా కడిగించినవాళ్ళే.

ఏమిటా పొట్లం? నాకా? ఓహో, పట్టు గ్లౌజులు. ఫొటోలో చేతులు పడతాయనా.

సరే, ఇలా ఇవ్వండి. వేసుకుంటాను, వస్తాను, పక్కన నిలబడతాను. ఇన్నాళ్ళూ చేసిందదేగా.

అబ్బ, ఎంత సరిగ్గా సరిపోయాయండీ. నా కొలత మీకు తెలుసన్నమాట.