నారింజ రంగు శాలువా

పొద్దున్న. తెరిచిన బీరువా ముందు అత్తా కోడలూ. ఆ ఇంటబ్బాయి గుర్రప్పందేల్లో స్వారీ చేసే జాకీ. మధ్యాహ్నం అతనికి పందెం ఉంది.

“ఆ బూడిద రంగుది నాకొద్దన్నానా? అదేసుకుని కూర్చుంటే నేనూ, నా వెనక గోడా ఒకటే.”

“ఇవాళ్టికి వేసుకోండి అత్తయ్యా. హుందాగా ఉంటుంది.”

“హుందాతనం ఎవడిక్కావాలే? కొట్టు మూసుకుని వస్తున్నాను. పూట బేరం పోగొట్టుకున్నందుకు వాడి కంటికి కనపడనైనా కనపడాలిగా. నా నారింజ శాలువా తియ్యి.”

“అదా... మాసిపోయింది.”

“నిన్న నేనే ఉతికి ఆరేశాను.”

“ఎండ. ఉడికిపోతారు.”

“బన్నులు కాల్చే పొయ్యి ముందు ముప్పయ్యేళ్ళు నిలబడ్డదాన్ని. నన్ను ఎండతో బెదిరిస్తావా?”

“పెద్ద పెద్దవాళ్ళొస్తారు అత్తయ్యా. చూసి నవ్వుతారు.”

“నవ్వనీ. ఒకప్పుడు నవ్వినవాళ్ళే, వాడు గెలిచాక నా పక్కన నిలబడి ఫొటో దిగారు. మలుపు తిరగ్గానే ఈ రంగు కోసమే చూస్తాట్ట. కనపడిందా, ఇక ఆగడం తన చేతిలో ఉండదట. వాడే చెప్పాడు.”

“నాకూ చెప్పారు.”

“మరింకేం? తియ్యి.”

“పోనీ, ఇవాళ రావడం మానేస్తే...”

“మొదలెట్టావూ? కిందటి నెలా ఇదే పాట. జనం అన్నారు, దుమ్ము అన్నారు, ఇద్దరూ కలిసి నన్ను ఇంట్లో కూర్చోబెట్టారు. నేను రాని పందెం ఒక్కటన్నా గెలిచాడా వాడు?”

“లేదు.”

“చూశావా! నేనొస్తే లాభం, రాకపోతే నష్టం. ఇంత తేలిక లెక్క మీ బుర్రలకి ఎక్కదేం? ఏమే... ఏడుస్తున్నావా? శాలువాకా?”

“శాలువా బీరువాలో లేదు అత్తయ్యా. దాచేశాను. ఆయనే దాచమన్నారు.”

“ఎవరూ, వాడా?”

“గుర్రం యజమాని వేరే గుర్రం మీద డబ్బు కాశాడట. ఇవాళ గెలవడానికి వీల్లేదని చెప్పాడట. గెలిస్తే ఇంకెవ్వరూ గుర్రం ఎక్కనివ్వరట.”

“వీడేమన్నాడు?”

“ఏమంటారు? తలూపి వచ్చారు.”

“అయితే... కిందటి నెల?”

“అప్పుడూ అంతే.”

“దానికి ముందు?”

“అడక్కండి అత్తయ్యా.”

“సరే, ఓడాడే అనుకో. ఓడినవాణ్ణి మళ్ళీ ఎక్కిస్తారా?”

“ఎందుకెక్కించరు? నమ్మకంగా ఓడిపోతాడని మంచి పేరొచ్చింది అత్తయ్యా, మీ అబ్బాయికి.”