బ్రష్‌లో తప్పేమీ లేదు

హలో… ఆ, నేనే. నా ఫోన్ నేను కాక ఇంకెవరెత్తుతారు, బోరమ్ అమ్మా?

తిన్నాను, తిన్నాను. నాచు సూపూ అన్నమూ. ఉప్పు లేదు, కారం లేదు. కిమ్చీ ఇంకో ముక్క అడిగితే ఆ నర్సమ్మ నన్ను దొంగను చూసినట్టు చూసింది. ఎడమ చేత్తో తినేసరికి సగం సూపు చొక్కాయే తాగింది… చెయ్యి బాగానే ఉంది. కుట్లు విప్పడానికి ఇంకా పది రోజులంట. తోలు చెక్కే కత్తి కదా, ఎముక దాకా వెళ్లి చూసొచ్చింది… సరేలే, అది వదిలెయ్. ఏంటా గొంతు? ఏడుస్తున్నావా?

…ఏ బూటు?

తక్ గారిదా! అయ్యో, అయ్యో… ఆగు, ఆగు. ముందు ఆ ఏడుపు ఆపు. ఏ కాలిది?

పొట్టి కాలిదే! మడమ ఎత్తుగా కట్టిందే! పోయి పోయి దాని మీదే పడ్డావా? మంచి కాలిదైతే ఎక్కడో ఒకచోట అచ్చు చూసి తెచ్చేవాళ్లం. ఆ కాలికి సియోల్ మొత్తం వెతికినా ఇంకో బూటు లేదు…

తిట్టడం లేదే. తిట్టడం లేదు. భయమేస్తోంది, అంతే. రేపు పన్నెండింటికి ఆయన కూతురి పెళ్లి. పిల్ల చెయ్యి పట్టుకుని నడవాలి మనిషి. ముప్ఫై ఏళ్లు నల్ల బూట్లే తొడిగినాయన, మొదటిసారి నోరు తెరిచి ద్రాక్షసారా రంగు కావాలన్నాడు. ఆ రంగుతోనే వచ్చింది చావు… సరే. చూద్దాం. ఇద్దరం కలిసి చూద్దాం. నా చేతులు అక్కడ లేవు, నీ చేతులున్నాయి. చెప్పు, ఏమైంది?

మచ్చలు. ఎలాంటి మచ్చలు? చినుకులు పడ్డట్టా, మబ్బు పట్టినట్టా?

చినుకులు… ఆ. అయితే ఆ గాలి బ్రష్ రంగుని సన్నగా చిమ్మకుండా ఉమ్ముతోందన్నమాట. సూది మొన మీద రంగు ఎండిపోయి గడ్డ కట్టి ఉంటుంది. ముందున్న ఆ చిన్న మూత విప్పి, గుడ్డ తడిపి మొన తుడువు. మెల్లగా, సూది వంగిందంటే ఇక దాన్ని జడలో పెట్టుకోవడమే…

తుడిచావా? ఎన్నిసార్లు? ఆరుసార్లా!

సరే, కప్పులో రంగు చూడు. బుడగలొస్తున్నాయా?… రావట్లేదా. అయితే ముక్కు బిగువుగానే ఉంది. నీళ్లేమో? గొట్టంలో చెమ్మ పట్టినా చినుకులే పడతాయి. కంప్రెసర్ కింద చిన్న మర ఉంటుంది చూడు, దాన్ని తిప్పి… తిప్పేశావా? ఓహో. నీళ్లు రాలేదా? రావులే, ఎడారి నుంచి పసుపు దుమ్ము కొట్టుకొచ్చే ఈ రోజుల్లో గాలి పొడిగానే ఉంటుంది…

అబ్బో, ముప్ఫై ఏళ్లు వెనక్కి తిరిగి కూర్చుని పై తోళ్లు కుట్టావు, ఒక్కనాడైనా ఇటు చూశావా అనుకున్నాను. అన్నీ చూశావన్నమాట దొంగముఖందానా! నాకంటే నువ్వే నయం.

ఎందుకు నవ్వుతున్నావు?

ఏం లేదంటావేంటి, నవ్వుతున్నావుగా. ఇప్పుడే కదా ఏడ్చావు… సరేలే, నవ్వు. ఏడుపు కంటే నయం.

చెయ్యి ఎలా ఆడిస్తున్నావు? తోలు మీద ఆపి మీట నొక్కకూడదు. తోలు మొదలవక ముందే గాలి వదలాలి, తోలు దాటాక మూయాలి. మధ్యలో చెయ్యి నిలిచిందా, అక్కడ రంగు మడుగు కడుతుంది… అలాగే చేస్తున్నావా? జానెడు దూరం?… మరి ఇంకేంటే!

ఇదిగో, బూటు పక్కన పెట్టు. తెల్ల కాగితం తీసుకో. గోడ మీద కేలండర్ చింపి వెనక్కి తిప్పు, పరవాలేదు. దాని మీద ఒక్క గీత లాగు. నేనుంటాను… లాగావా? ఎలా ఉంది?

సన్నగా, నున్నగా… గీత బాగుందా! అయితే ఇంకేం! మరి చుక్కలెక్కడ?

కాగితం మీద కూడానా? గీత లేని చోట?… నువ్వు రంగు కొట్టని చోట చుక్కలెలా వస్తాయే?

కదులుతున్నాయా.

ఏంటి, మళ్లీ చెప్పు… చుక్కలు కదులుతున్నాయా?

బోరమ్ అమ్మా. తల పైకెత్తు. గోడ చూడు. తెల్ల గోడ… గోడ మీద ఉన్నాయా?

ఉన్నాయా.

బ్రష్ కింద పెట్టు. పెట్టెయ్. కడగొద్దు, తుడవొద్దు, ఊరికే బల్ల మీద పెట్టెయ్. బ్రష్‌లో తప్పేమీ లేదు. బూటుకీ ఏమీ కాలేదు. నీ కళ్లు తల్లీ, నీ కళ్లు… ఏ రంగు వాడుతున్నావు? నేను నీళ్ల రంగు కదా అనుకుంటున్నాను, నీళ్ల రంగేనా?

పాత డబ్బానా. అటక మీద ఉన్న స్పిరిట్ రంగా! ఎవరు తీయమన్నారు దాన్ని?… ఆ. ద్రాక్షసారా రంగు అందులోనే మిగిలుంది. నిజమే. నేనే చెప్పుండాల్సింది.

థిన్నర్ కలిపావా? ఎంత? డబ్బా ఎక్కడుంది?… ఒలికిందా! ఎప్పుడు? పొద్దున్నా? ఎంత ఒలికిందే? … సగం డబ్బా.

గుడ్డలేసి తుడిచావు, సరే. ఆ గుడ్డలెక్కడున్నాయి? … అక్కడే. నీ కాళ్ల దగ్గరే.

ఫ్యాన్ ఆడుతోందా? గాలి బయటికి లాగే ఫ్యాన్?

లేదా. కిటికీ?

టేపు వేశావా… ఆ, నేనే చెప్పాను. నేనే చెప్పాను, కాదనట్లేదు. పసుపు దుమ్ము లేచిన రోజు ఫ్యాన్ ఆపెయ్యి, సందులన్నిటికీ టేపు వెయ్యి, లేకపోతే తడి రంగు మీద దుమ్ము వాలి గరుకు తేలుతుందని… ప్రతి వసంతానికీ చెప్పాను. అది నీళ్ల రంగుకి చెప్పానే! స్పిరిట్ రంగు మానేసి పదేళ్లయింది, దీనికి కాదని విడిగా చెప్పాలని నాకు తట్టలేదు. తలుపుకి కూడా వేశావా? లోపలి నుంచి?

మరి వాసన? ఇప్పుడు వాసన వస్తోందా?

పొద్దున వచ్చింది… ఇప్పుడు రావట్లేదు. ముక్కు మొద్దుబారిపోయిందే నీకు!

గూ గారూ! గూ గారూ, లేవండి! పక్క మంచం గూ గారూ! మీ ఫోన్ తియ్యండి, నూట పందొమ్మిదికి, ఫైరింజన్ వాళ్లకి కొట్టండి. సంగ్సూ-డాంగ్, బూట్ల వీధి, అట్టల గోదాము ఎదురుగా, నేలమాళిగ. ప్యో బూట్ల కొట్టు. మనిషి లోపల ఉంది, థిన్నర్ ఆవిరి నిండిపోయిందని చెప్పండి. తలుపు దగ్గర గంట నొక్కొద్దని చెప్పండి! కరెంటు గంట అది, నిప్పు రవ్వ పడుతుంది. ఎవ్వరూ స్విచ్చి ముట్టుకోకూడదు. చెప్పండి బాబూ, తొందరగా!

…లేదు లేదు, నీతో కాదు, నీతోనే ఉన్నాను. లే. కూర్చున్నావా? ఎందుకు కూర్చున్నావు? కాళ్లు తేలిపోతున్నాయా… లే! ఆ ఆవిరి బరువు, నేల మీదే పడుంటుంది. తల ఎంత పైకుంటే అంత మంచిది. బల్ల పట్టుకుని లే. లేచావా? ఆహా… ఆ ఊపిరి నాకు వినపడుతోంది. అలాగే.

వద్దు! ఫ్యాన్ వేయొద్దు! వద్దంటే వద్దు! ఇప్పుడు ఏ స్విచ్చి నొక్కినా ఆ గది మొత్తం అంటుకుంటుంది. లైటు వెలుగుతోందా, వెలగనీ. దేన్నీ వేయొద్దు, దేన్నీ ఆపొద్దు. ప్లగ్గు కూడా లాగొద్దు.

అదేంటి ఆ బుస్సుమనే చప్పుడు?

గొట్టం అతుకు దగ్గరా… అవును. వాషర్ మారుస్తా మారుస్తా అని ఆరు నెలల నుంచి… ఓరి దేవుడా. కంప్రెసర్ ముల్లు చూడు. ముల్లు ఎంత మీద ఉంది?

అయిదు.

విను. బాగా విను. గాలి అలా కారిపోయి ముల్లు నాలుగుకి దిగిందంటే కంప్రెసర్ మోటారు దానంతటదే మొదలవుతుంది. మొదలైనప్పుడు లోపల చిటుక్కుమని రవ్వ పడుతుంది, రోజూ పడేదే, మనం చూడం. ఈ రోజు పడకూడదు. నువ్వు బయటికెళ్లాలి. మెట్ల పైన గోడకి బూడిదరంగు పెట్టె ఉందిగా, కరెంటు పెట్టె? పన్నెండు మెట్లు. అక్కడికెళ్లి పెద్ద మీట కిందికి లాగెయ్. అది గది బయటుంది కాబట్టి భయం లేదు. అర్థమైందా? చెప్పు, ఏం చెయ్యాలి?

…మెట్లు. ఆ. పెట్టె. ఆ. పద.

బూట్లు వదిలెయ్!

వదిలెయ్ అంటున్నానా! నేను పోయి తక్ గారి కాళ్లు పట్టుకుంటాను. పెళ్లిమండపంలో అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుంటాను. పాత నల్ల బూట్లతో నడుస్తాడు, ఏమవుతుంది? పిల్ల తండ్రి బూట్లు చూస్తుందా, తండ్రిని చూస్తుందా? … ఒక్కటి కూడా వద్దు! ఆ చెయ్యి ఖాళీగా ఉండాలి నీకు. పెట్టెయ్.

పెట్టావా? నా మీదొట్టు?

తలుపు దగ్గరికి వచ్చావా… టేపు పై నుంచి మొదలుపెట్టు. గోటితో అంచు లేపు, పట్టుకుని ఒక్క లాగు లాగు… రావట్లేదా? రెండు వరసలు వేశావా? నీ పనితనం తగలెయ్య, ఏ పనీ సగం చెయ్యవు కదా నువ్వు…

నిద్రొస్తోందా? వద్దు. నిద్ర వద్దు. నాతో మాట్లాడు. మన పిల్ల బోరమ్ ఎక్కడ పని చేస్తోంది? … దేజన్‌లో. ఆ. ఏ రోజు వస్తానంది? … చెప్పవే. ఏ రోజు?

బోరమ్ అమ్మా?

బోరమ్ అమ్మా!

మల్‌సున్! ఓక్ మల్‌సున్!

…ఆ. ఆ, నేనే పిలిచాను. పేరు పెట్టే పిలిచాను. పెళ్లయ్యాక పిలవలేదు కదూ. గుర్తుంది, ఎందుకుండదు? రోజుకి పదిసార్లు పిలుస్తాను ఇకనుంచి, నువ్వు ఆ టేపు లాగు. నన్ను ఒక్కణ్ని చేసి పోకు మల్‌సున్. నాకు నువ్వు లేకపోతే సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఎవరికీ చెప్పలేదు గానీ, రాదు. లాగు.

…వచ్చిందా! పైది వచ్చిందా! ఇంకా పక్కది. పక్కది కూడా.

ఒక్క చేత్తో రావట్లేదా? ఫోన్ కింద పెట్టెయ్. పెట్టెయ్, రెండు చేతులూ కావాలి. నేను ఎక్కడికీ పోను. తలుపు పక్కన స్టూలు మీద పెట్టు, గొంతు పెద్దగా వచ్చే బొత్తాం నొక్కు… ఫోన్‌దే, ఫోన్‌దే, గోడది కాదు! నొక్కావా?

సరే. అరుస్తాను. వినపడుతోందా? లాగు! గట్టిగా!

అది టేపు చప్పుడే కదా… టేపే. చిరుగుతోంది. లాగు మల్‌సున్! లాగు!

…తలుపు. తలుపు కిర్రుమంది. గూ గారూ, తలుపు తెరుచుకుంది! వెళ్లు! ఆగకు! మెట్లెక్కు!

మల్‌సున్, ఎక్కుతున్నావా? … పలకవేం?

గూ గారూ, ఫైరింజన్ వాళ్లెంతసేపట్లో వస్తారంట? … ఏడు నిమిషాలా. ఏడా!

ష్… ఉండండి. ఎవరూ మాట్లాడకండి.

కంప్రెసర్.

మోటారు మొదలైంది గూ గారూ… మొదలైపోయింది. దడదడమంటోంది. అయిపోయింది, అయిపో… లేదు. ఇంకా కొట్టుకుంటూనే ఉంది. అంటుకోలేదు. ఇంకా అంటుకోలేదు. కానీ అది కొట్టుకున్నంతసేపూ… మల్‌సున్, ఎక్కడున్నావ్! మెట్ల మీద పడిపోయావా? తలుపు దగ్గరే పడిపోయావా? ఒక్క మాట పలకవే! తిట్టు నన్ను, ఏదో ఒకటి అను! నా మొదటి పెళ్లిచూపుల సంగతి అనవే, ఎప్పుడూ అంటావుగా…

…

ఆగిపోయింది.

గూ గారూ, మోటారు ఆగిపోయింది.

లేదండీ, మీకు తెలీదు. దానంతటది ఆగదు. ఒకసారి మొదలైతే గాలి తొట్టి నిండేదాకా నాలుగు నిమిషాలు కొట్టుకుంటుంది. ఇరవై ఏళ్లుగా వింటున్నాను దాన్ని. ఇప్పుడు అర నిమిషం కూడా కాలేదు, మధ్యలో పీక నొక్కినట్టు ఆగింది. కరెంటు పోయింది. ఎవరో మీట లాగారు. శనివారం ఆ భవనంలో పిల్లి కూడా ఉండదండీ… దాని చెయ్యే. పైన ఉంది. మా ఆవిడ పైన ఉంది!

నాకు తెలుసండీ, ఇంకా అయిపోలేదు. తెలుసు. ఆ మెట్ల మీద ఎలా ఉందో… వాళ్లకి మళ్లీ ఫోన్ కొట్టండి, మెట్ల పైన మనిషి ఉందని చెప్పండి. కొట్టండి.

మల్‌సున్, విను… అక్కడే కూర్చో. గోడకి ఆనుకుని, గాలి పీల్చు. దుమ్ము గాలైనా పరవాలేదు, పీల్చు. కిందికి రావద్దు. బూట్ల కోసం రావద్దు, చెప్పుల కోసం రావద్దు, ఈ ఫోన్ కోసం కూడా…

అయ్యో. నా గొంతు ఆ గది లోంచే కదా వస్తోంది నీకు. నేను ఇలా అరుస్తుంటే, నేను పిలుస్తున్నానని దిగొచ్చేస్తావు నువ్వు. ముప్ఫై ఏళ్లు పిలిస్తే ఏనాడు రాకుండా ఉన్నావు గనక?

రాకు. పెట్టేస్తున్నాను.