అచ్చయ్య గదిలో రెండు నోళ్ళు

అచ్చయ్యని ఒకాయన ఉండేవోడంట తంగెళ్లపాలెంలో. పుట్టుగుడ్డి. మా పెద్దాడబిడ్డ ఆళ్ళింట్లో గిన్నెలు తోమేది, ఆవిడ చెప్తే ఇన్నదే గానీ ఇందులో నేను కల్పిచ్చింది ఏమీ లేదు, ముందే చెప్తన్నా. మీరు మిరపకాయల తొడిమలు తీస్తా ఇనండి, చేతులు ఆగితే ఆ రైతు నన్నంటాడు. ఆ అచ్చయ్యకి కళ్ళు లేవు గానీ, చెవులు ఉన్నయ్ చూశారూ, అబ్బబ్బ, అయ్యేం చెవులమ్మా! కింద చావిట్లో గేదె నెమరెయ్యటం ఆపితే, మేడమీద గదిలో కూచుని 'అది నెమరు ఆపిందిరా, ఏందో చూడండి' అనేవోడంట. ఆ రోజుల్లో పద్య నాటకాలకి హార్మోనియం వాయించినోడు. నాటకాలు పోయినయ్, హార్మోనియం మూలబడ్డది, టేపులు మిగిలినయ్. ఆ టేపులు ఇనటానికి మామిడిచెక్క కోసి రెండు స్పీకరు పెట్టెలు తనే చేసుకున్నాడు. కళ్ళు లేనోడు, రంపం పట్టుకుని! ఒక్కో పెట్టె నా నడుమెత్తు ఉంటదనుకో. ఒకటి కిటికీ పక్కన, ఒకటి తలుపు పక్కన. ఇంకో చిత్రం ఇనండి. ఆ రెండు పెట్టెల మోతని బట్టే ఆయన గదిలో తిరిగేది. ఈ పెట్టె మోత దగ్గరైతే కిటికీ కాడికొచ్చినట్టు, ఆ పెట్టె మోత దగ్గరైతే తలుపు కాడికొచ్చినట్టు. చేతికర్ర లేదు, గోడ తడమటం లేదు. పద్యం నడుస్తా ఉంటే మనం పట్టపగలు తిరిగినట్టు తిరిగేవోడంట.

ఆయనకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. అన్న పోయాడు, వదినుంది. కనకరత్నమ్మ. ఆవిడ ఆ ఇంటికి కాపరానికొచ్చేటప్పటికి ఈయనకి ఆరేళ్ళు, తల్లి లేదు. ఎవరు పిలిచినా అన్నానికి వచ్చేవోడు కాదంట. ఈవిడ తలుపు కాడికి పోయి 'అబ్బాయ్, అన్నానికి రా' అంటే లేచొచ్చాడు. ఆ రోజు పడింది అలవాటు. ఆయనకి అరవై దాటినా అదే పిలుపు, అదే రావటం. ఆవిడ పిలవంది ఆయన లెగడు, ఆయన తినంది ఆవిడ మెతుకు ముట్టదు. ఎవరూ పెట్టిన కట్టుబాటు కాదది. బానే ఉందిగదా, మరి ఏమైందంటే, ఆవిడ మోకాళ్ళు పోయినయ్. మేడకి పద్దెనిమిది మెట్లు. ఆవిడ కోడలెళ్ళి పిలిస్తే 'వస్తన్నానమ్మా' అంటాడు, రాడు. కాదని కాదు, మనిషి లెగలేడంతే. కింద ఆవిడ కంచాల మీద మూతలేసుకుని కూచునేది. పన్నెండయ్యేది, రెండయ్యేది, ఒక్కోరోజు పొద్దు వాలేది. ఆవిడకి చూస్తే షుగరు. ఇద్దర్లో ఒక్కళ్ళన్నా తగ్గరే! అంత ప్రేమా, అంత మొండితనమూ ఒకే ఇంట్లో ఉంటే కోడలు ఏమైపోవాల చెప్పండి?

కనకరత్నమ్మ కొడుకు పూర్ణచంద్రం అని, మిరపకాయల కోల్డ్ స్టోరేజీ నడిపేవోడు. తల్లి బాధ చూడలేక గుంటూరు నుంచి మనుషుల్ని పిలిపిచ్చాడంట. ఆళ్ళు తొమ్మిది గదుల్లోనూ కప్పులో పళ్ళాలంత స్పీకర్లు బిగిచ్చారు. అన్నిటికీ కలిపి ఒకటే మిషను, మెట్లకింద బీరువాలో. పొయ్యిపక్కన ఒక మైకు. పొద్దున్నే ఆ మిషను పెడితే ఇల్లంతా పాటే. మా ఆడబిడ్డ చీపురు పట్టుకుని వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి పడకగదిలోకి పోతా ఉంటే పాట తెగకుండా ఆమె ఎనకాలే నడిచొచ్చిందంట. 'ఎవరో నా వెంబడే వస్తన్నారని మూడుసార్లు ఎనక్కి తిరిగి చూశానే' అంది. భయమేసి ఆ రోజు దక్షిణం గది ఊడవనే లేదు. నిజం!

అన్ని గదులూ అయినయ్, అచ్చయ్య గది మిగిలింది. ఆ గది కప్పులో కూడా ఒకటి పెట్టారు. పెట్టిన పూటే ఆయన బీరువాకి గుద్దుకుని నుదురు చిట్లగొట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి దేనికీ తగల్లేదే ఆ మనిషి! ఏందని అడిగితే, 'ఒరే పూర్ణా, ఈ గదికి రెండు నోళ్ళు. ఆ రెండిటి మధ్య నేను తిరుగుతా. మూడో నోరు నెత్తిన పెడితే నాకు గోడలు కదుల్తన్నయిరా, తీయించెయ్యి' అన్నాడంట. తీసేశారు. మరి వదిన పిలుపు ఎట్టా? 'ఆ రెండు నోళ్ళలోనే రానియ్యండి, వద్దన్నానా' అన్నాడు. గుంటూరాయన చూశాడు, ఈ పెట్టెలు ఈయన సొంత మిషనుకి ఉన్నయ్, ఇల్లంతటి మిషను వేరే, ఒకే పెట్టెలకి రెండూ కలపకూడదండీ అని చెప్పి తన దారిన తను పోయాడు. ఆయన చెప్పింది సరైన మాటే. ఇంటే గదా! మనూళ్ళో తిరనాళ్ళకి ఒక్క మిషను పెట్టి, ఒకే తీగ మీద చెరువుకట్ట దాకా పది మైకు కొమ్ములు కడతారు, చూశారుగా. పూర్ణచంద్రం అది చిన్నప్పటి నుంచీ చూసినోడు. ఒక మిషనుకి పది కొమ్ములు కడితే లేంది, ఒక కొమ్ముకి రెండు మిషన్లు కడితే ఏంబోయిద్దిలే అనుకున్నాడు. ఆ తీగ, ఈ తీగ కలిపి మెలేసి నల్లటేపు చుట్టాడు. కింద పాట, పైన పద్యం, రెండూ ఒక్కసారే పెట్టాడో లేదో, పైన మిషన్లోంచి గుప్పున పొగ. కిటికీ పక్క పెట్టె ఒక్క కేక పెట్టి గొంతు పోయింది. తలుపు పక్కది అసలు పలకనే లేదు.

ఇంక చూడండి ఆ మనిషి గతి. గది మూగబోయింది. మంచం దిగి రెండడుగులేసి నిలబడిపోయాడంట, ఎటు పోవాలో తెలవక, ఆరేళ్ళ పిల్లోడల్లే. మళ్ళీ మంచం తడుముకుంటా పోయి కూచున్నాడు. 'నన్ను చావిట్లో పెట్టెయ్యండిరా, గేదె మోత పట్టుకునన్నా తిరుగుతా' అన్నాడు. ఆ మాట కనకరత్నమ్మ చెవిన పడ్డది. ఆ తల్లి ఏం చేసిందో తెలుసా? మెట్ల మీద కూచుంది. కూచుని, రెండు చేతులూ ఆనిచ్చి, ఒక్కో మెట్టూ ఎనక్కి జరుగుతా పద్దెనిమిది మెట్లూ ఎక్కింది. మా ఆడబిడ్డ కింద నిలబడి చూస్తా ఏడ్చిందంట. పైకిపోయి, ఆయాసపడతా, 'అబ్బాయ్, అన్నానికి రా' అంది. ఆయన లేచాడు. వదిన చెయ్యి పట్టుకుని, 'వదినా, ఇట్టా ఎన్నాళ్ళు ఎక్కుతావ్?' అన్నాడు. 'ఎక్కగలిగినన్నాళ్ళు ఎక్కుతా' అంది. రేపు ఆవిడ వల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు నాగూరుని పిలిచారు. నాగూరువలి, మైకుసెట్టాయన. పెళ్ళిళ్ళకీ తిరనాళ్ళకీ ఆయనే. వచ్చి, కాలిన వాసన చూసి, మెలేసిన తీగలు చూసి, నెత్తి కొట్టుకున్నాడంట. 'పూర్ణన్నా, ఒక మిషను అరుపు పదినోళ్ళకి పంచొచ్చు గానీ, ఒక్క నోట్లోకి రెండు అరుపులు తోస్తే, అవి నోటిదాకా పోవు, ఒకదాన్నొకటి కొరుక్కుంటయ్' అన్నాడు. అచ్చయ్య మిషను బాగుచేశాడు, పెట్టెలకి లోపల కొత్త కాగితం గరాటాలేశాడు. తర్వాత, పెళ్ళిళ్ళలో కరెంటు పోతే జనరేటరు మీదికి తిప్పే పిడి ఉంటది చూడు, ఇటు తిప్పితే కరెంటు, అటు తిప్పితే జనరేటరు, రెండూ ఎప్పటికీ కలవవు, ఆ పిడి తెచ్చి అచ్చయ్య మంచం పక్కన బిగిచ్చాడు. ఇటు తిప్పితే పెట్టెలు అచ్చయ్యవి, అటు తిప్పితే ఇంటివి. 'సరిపోయిందా బాబాయ్' అన్నాడు. సరిపోయిందన్నారు అందరూ. మర్నాడు పన్నెండింటికి కింద వదిన మైకులో పిలిచింది. తొమ్మిది గదులూ అన్నానికి రమ్మన్నయ్. పైన పద్యం సాగుతానే ఉంది. పిడి తిప్పాల్సింది ఎవరు? అచ్చయ్య. ఎప్పుడు తిప్పాల? పిలుపు వచ్చినప్పుడు. పిలుపు వచ్చిందని తెలియాలంటే? పిడి తిప్పి ఉండాల! అదీ మన తెలివి. నవ్వకండే, ఆడ ఆ తల్లి మూడింటిదాకా తినలేదు.

నాగూరు మళ్ళీ వచ్చాడు. వంటింటి గుమ్మంలో కూచుని, టీ గ్లాసు పట్టుకుని ఆలోచిస్తన్నాడంట. ఇంతలో కరెంటు కొంచెం తగ్గింది, ఫ్రిజ్జు కింది స్టెబిలైజరు టక్కుమంది. మళ్ళీ పెరిగింది, టక్కుమంది. మనిళ్ళల్లో రోజూ అంటదది, ఎవరం పట్టిచ్చుకున్నాం? నాగూరు టీ గ్లాసు కింద పెట్టేశాడు. 'దీన్ని ఎవరు తిప్పుతున్నారు పెద్దమ్మా?' అన్నాడు. 'ఎవరు తిప్పుతారయ్యా, దాని పాటికి అదే' అంది కనకరత్నమ్మ. 'అదే!' అని లేచి, అటక మీద పాత టీవీ స్టెబిలైజరు దించి, ఇప్పి, అందులోంచి అగ్గిపెట్టె కన్నా చిన్నది, టక్కుమనేదాన్ని బయటికి తీశాడు. దాన్ని పైన పెట్టెల కాడ పెట్టి, కింద మైకు పక్కన ఒక మీట పెట్టి, రెండిటికీ సన్నటి తీగ లాగాడు. 'పెద్దమ్మా, ఇప్పుడు మీరు మీట ఏసి పిలవండి, పిలిచినాక తీసెయ్యండి. పైనెవరూ ఏం తిప్పక్కర్లా' అన్నాడు.

ఇప్పుడినండి. మా ఆడబిడ్డ పైన గుమ్మం కాడ నిలబడి కళ్ళారా చూసింది. టేపు తిరుగుతా ఉంది, పద్యం మంచి రాగం మీదుంది, అచ్చయ్య గది మధ్యలో నిలబడున్నాడు. టక్! ఎవరూ ముట్టుకోలా. మనిషి లేడు, చెయ్యి లేదు. పద్యం ఆగిపోయింది. ఆ రెండు మామిడిచెక్క పెట్టెల్లోంచి, కిటికీ వైపు నుంచీ, తలుపు వైపు నుంచీ, నిండుగా, 'అబ్బాయ్, అన్నానికి రా' అని వదిన గొంతు. మళ్ళీ టక్. పద్యం మళ్ళీ అందుకుంది, మధ్యలో ఒక పాదం పోయిందంతే. నాకు చెప్తంటేనే ఒళ్ళు జలదరిస్తంది చూడండి. ఆ మనిషి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడంట. ఎటు తిరిగి పెట్టాలో తెలవక కిటికీ పెట్టెకొకటి, తలుపు పెట్టెకొకటి పెట్టాడు. 'ఒరే నాగూరూ, వదిన ఎక్కొచ్చిందిరా!' అన్నాడు. మెట్లు దిగి వెళ్ళి తిన్నాడు. ఆవిడా తిన్నది. ఆ రోజు ఆ ఇంట్లో పన్నెండున్నరకి ఎంగిళ్ళు ఎత్తానని మా ఆడబిడ్డ ఇప్పటికీ చెప్పుద్ది.

అట్టా రెండేళ్ళు జరిగిందనుకో. టక్కుమంటే చాలు, పిలుపు రాకముందే ఆయన చెప్పులు ఏసుకునేవోడంట. ఒక రోజు కోడలు పేరంటానికి పోయింది, పూర్ణచంద్రం కోల్డ్ స్టోరేజీలో ఉన్నాడు, మా ఆడబిడ్డ పెరట్లో బోరింగు కాడ గిన్నెలు తోముతుంది. పైన టక్కుమంది. పద్యం ఆగింది. అచ్చయ్య చెప్పులేసుకున్నాడు. పిలుపు రాలా. నిలబడ్డాడు. రాలా. మళ్ళీ టక్కుమని పద్యమన్నా రావాల, అదీ రాలా. పెట్టెలు ఇంటివైపు తిరిగి, ఊరికే నోళ్ళు తెరుచుకుని ఉన్నయ్. ఇంకోళ్ళైతే ఏందో చెడిపోయిందిలే అనుకుంటారు. ఆయన చెవి పెట్టాడు. మైకు తెరిచే ఉంది గదా, పొయ్యి మీద పాలు పొంగి మంట మీద పడతన్న చుర్రుమనే మోత వినపడ్డది. దాని కింద, నేల దగ్గర్నుంచి, ఎవరో బరువుగా ఊపిరి పీలుస్తన్న మోత.

యాభైయేళ్ళ పైన పిలవంది లెగని మనిషి, పిలవకుండా దిగాడు. పద్దెనిమిది మెట్లు ఎట్టా దిగాడో ఆయనకే తెలవదంట. వంటింట్లోకి పోయి, మంట మోతని బట్టి పొయ్యి కట్టేసి, కింద తడిమితే వదిన. షుగరు పడిపోయి కళ్ళు తేలేసింది. మీట ఏసి, మైకు కాడ నోరు తెరవబోయి పడింది. ఎవర్ని పిలవాల? బయటికి దారి వెతుక్కునే టైము లేదు. మైకు పట్టుకున్నాడు. 'వదిన పడిపోయింది, రండి' అని అరిచాడు. ఆ అరుపు తొమ్మిది గదుల్లోంచి ఒక్కసారే వచ్చింది. మేడమీద తను చేసిన పెట్టెల్లోంచి కూడా తన గొంతే వచ్చి, మెట్ల మీదుగా దిగి తనకే వినపడ్డదంట. బోరింగు కాడున్న మా ఆడబిడ్డకి, ఆ ఇల్లే నోరు తెరిచి కేక పెట్టినట్టయ్యింది. బూడిద చేతుల్తోనే పరిగెత్తుకొచ్చి, నోట్లో పంచదార పోసింది. ఆర్ఎంపీ డాక్టరు వచ్చి సూదేశాడు. 'ఇంకో పావుగంటైతే దక్కేది కాదు' అన్నాడు.

తేరుకున్నాక కనకరత్నమ్మ మొదట అడిగిన మాట ఏందనుకున్నారు? 'నేను పిలవలేదు గదా అబ్బాయ్, ఎట్టా వచ్చావ్?' అని. 'పెట్టెలు నీ వైపు తిరిగినయ్ వదినా. తిరిగినాక నువ్వు మాట్టాడకుండా ఎప్పుడున్నావ్?' అన్నాడు. ఆవిడ నవ్వింది, ఏడ్చింది. తన కోసం ఎదురు చూసి చూసే ఆవిడకీ గతి పట్టిందని ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ మర్నాటి నుంచి ఏం చేశాడంటే, పదకొండున్నరకల్లా ఎవరూ పిలవకుండానే కిందికి దిగేవోడు. వంటింట్లోకి పోయి, వదిన పక్కనే నిలబడి, మీట ఏసి, మైకులో, 'వదినా, అన్నానికి రా' అని పిలిచేవోడు. ఆవిడ మూరెడు దూరంలో ఉంటది! 'ఈడే ఉన్నాను గదయ్యా' అంటే ఇనడు. ఇల్లంతా పిలిస్తే, పైన ఆయన పెట్టెలు కూడా పిలిస్తే, అప్పుడు ఆవిడ ముందు కూచుని తినాల. ఆవిడ తిన్నాకే ఆయన తినేది. అదీ కొత్త కట్టుబాటు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ అంతే.

ఇదే కథ. మా ఇంట్లో కూడా ఫ్రిజ్జు కింద స్టెబిలైజరు ఉంది. అది టక్కుమన్నప్పుడల్లా నాకు చేతులు జోడించాలనిపిచ్చిద్ది. మా ఆయనకి మాత్రం రెండు కళ్ళున్నయ్, రెండు చెవులున్నయ్, మెట్లు కూడా లేవు మాకు, అయినా నాలుగుసార్లు పిలిస్తే గానీ కంచం కాడికి రాడు. పోనీ ఒక్కసారన్నా నన్ను పిలిచాడా? ఏదీ, ఆ బస్తా ఇటు దొర్లించండి.