అమలమ్మ వదిన కార్డు

నాటకమా? మీరు వినండమ్మా, నేనిక్కడే కూర్చుంటాను. వినపడక కాదులే పిల్లా, చెవులు బాగానే ఉన్నాయి. గుణదలలో మా పక్కింట్లో అమలమ్మ వదినని ఉండేది, చెప్పానా ఎప్పుడన్నా? ఆసుపత్రిలో ఆయా. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో వారం వారం ఒక నాటకం వేసేవాళ్లు. అది మొదలైందంటే గుమ్మంలోకి ఎవరొచ్చినా కళ్లతోనే కూర్చోమనేది. అందులోనూ ఒక ఆయా ఉండేదిలే, పెద్ద డాక్టరుకే ఎదురు సమాధానాలు చెప్పేది. "చూశావా మాణిక్యం, ఎట్లా కడిగేసిందో!" అని తనే కడిగేసినట్టు మురిసిపోయేది వదిన.

డెబ్భై ఎనిమిదో, తొమ్మిదో... ఆ వారం డాక్టరు కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఆసుపత్రంతా వెతికిస్తాడు. వదిన నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. తర్వాత ఎవరిదో ఉంగరం పోతుంది. ఆయా పెట్టె అందరి ముందూ బోర్లిస్తారు. ఉంగరమేమో డాక్టరు కోటు జేబులోనే ఉంటుంది. అందరూ నవ్వుతారు. "పర్లేదు లెండి బాబుగారూ" అని ఆ ఆయా కూడా నవ్వుతుంది. మా వదిన నవ్వలేదు. వాళ్ల ఆసుపత్రిలో ఒకసారి వదిన పెట్టె అట్లాగే బోర్లించారు, లోపలి బట్టలు కూడా దులిపి మరీ. పోయిన గడియారం మర్నాడు దొరికింది, పొరపాటైందని ఒక్కళ్లూ అనలేదు.

"రేడియోకి ఓ కార్డు రాయి మాణిక్యం. ముందు సగం బ్రహ్మాండమని రాయి. ఆ తర్వాత, ఆవిడ చేత ఎందుకు నవ్వించారో అడుగు. నవ్వొస్తుందా ఎవరికైనా, అని గట్టిగా అడుగు" అంది. తనకి చదువు రాదు. నేనేమో నలభై దాటాక గుడి దగ్గర పెద్దవాళ్ల బడిలో అప్పుడప్పుడే దిద్దుతున్నాను. మూడు రోజులు రాశాను. విచిత్రం చూడు, పెద్ద అక్షరం ఎవరైనా రాస్తారు, చిన్నది రాయడమే కష్టం. బ్రహ్మాండమన్న ఒక్క మాటే ఒక వరస మింగింది. చాలా నవ్వామనేసరికి కార్డు అయిపోయింది. ఇంకో కార్డు తెచ్చుకోవచ్చు, తెలుసు. సిగ్గేసింది. "అంతా రాశావా?" "అంతా రాశాను వదినా." ఆ గీతల్ని వేలితో తడిమి తనే వెళ్లి డబ్బాలో వేసొచ్చింది.

ఉత్తరాలు చదివే రోజున, "గుణదల నుంచి అమలమ్మగారు, నాటకం బ్రహ్మాండం, చాలా నవ్వామంటున్నారు" అంది రేడియోలో అమ్మాయి. వదిన చెవి ఇంకా దగ్గర పెట్టింది. అప్పటికే వేరే ఊరి ఉత్తరం మొదలైంది. మర్నాడు, అప్పట్లో వదిన పెట్టె దులిపిన నర్సమ్మే, "ఏం అమలమ్మా, పెట్టె వెతికితే నీకంత నవ్వొచ్చిందా! మరి మా మీద మూతి ముడుచుకున్నావెందుకో?" అందట వార్డులో అందరి ముందూ.

"మన మాట సగం మింగేశారే" అని రేడియో వాళ్లని తిడుతూనే ఉండేది, పన్నెండేళ్లు. మళ్లీ ఆ రేడియో పెట్టలేదు. నేనూ "మరే, ఎంత అన్యాయం వదినా" అంటూనే ఉన్నాను. మంచాన పడ్డాక ఓ రోజు చెయ్యి పట్టుకుని అడిగింది, "నువ్వు బాగానే రాశావు కదే?" అని.

బాగానే రాశానన్నాను.

ఆ కిటికీ రెక్క వెయ్యమ్మా, జల్లు కొడుతోంది.