దర్జీ మామకి కళ్ళు ఆనవు

ఏమ్మా, ఆ బొత్తాన్ని అలా మెలిపెడతావేం? ఊడొస్తుంది. నువ్వు వీధి గుమ్మంలో ఉంటే మాత్రం, ఈ మంచం మీంచి నాకు కనపడదనుకున్నావా? రేపు సైన్యంలో చేరే పరీక్ష, గుండె దడ. ఉండదూ మరి! నీ వయసులో నా చొక్కాకి ఏనాడూ అయిదు బొత్తాలు నిలిస్తే ఒట్టు. వాటివల్లే కదా నాకు దర్జీ మామ దొరికాడు. నవ్వకు, చెప్పనీ.

అప్పుడు నేను శిక్షణ శిబిరంలో ఉన్నాను. తుపాకీ పరీక్ష రెండుసార్లు తప్పాను. నేను పేలిస్తే నా అట్టబొమ్మకి తప్ప అన్నిటికీ తగిలేది. ఒకసారి పక్కవాడి బొమ్మ గుండెల్లో తగిలింది, వాడు పాసైపోయాడు! పోయేదాకా ఒప్పుకోలేదు వెధవ. సరే, అదలా ఉంచు. మూడోసారి తప్పితే పెట్టె సర్దుకోవడమే. ఇంటి దగ్గర మా నాన్న చూస్తే, 'మావాడు సిపాయి' అని కనపడినవాడికల్లా చెప్పేశాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మా డ్రిల్లు మాస్టారేమో, 'ఒరేయ్ వణుకుడూ! ధైర్యంగా ఉండరా!' అని చెవిలో అరిచేవాడు. అలా అరిస్తే ఉన్న ధైర్యమూ పారిపోతుందని ఆయనకెవరు చెప్తారు? ఆ అరుపుకి ఇంకో బొత్తాం ఊడేది. చివరికి ఆయనకే విసుగొచ్చి, 'పరీక్ష దాకా రోజూ సాయంత్రం దర్జీ గదికి పో. నీ బొత్తాలు నువ్వే కుట్టుకో' అని శిక్ష వేశాడు.

దర్జీ గదంటే స్టోరు వెనకాల చిన్న రేకుల గది. ఒక మిషను, ఒక ఇస్త్రీ బల్ల, గుట్టగా నిక్కర్లు. మామ కూడా ఒకప్పుడు తుపాకీ పట్టినవాడేనట. ఆ సంగతి అడిగితే మిషను గట్టిగా తొక్కేవాడు. నన్ను చూడగానే, 'రా అల్లుడూ, రా! సూదిలో దారం ఎక్కించు. నాకు కళ్ళు ఆనవు' అన్నాడు. ఎక్కిస్తే కదా! దారం సూదికి అటో ఇటో పోతుందే గానీ బెజ్జంలో దూరదు. ఆయన తిట్టలేదు. 'ఊపిరి బిగబట్టకురా, అది నీ అత్తగారి సొమ్ము కాదు. వదిలెయ్. వదిలాక, మళ్ళీ పీల్చబోయే ముందు చిన్న ఖాళీ ఉంటుంది చూడు, ఆ ఖాళీలో ఎక్కించు' అన్నాడు. మొదటిరోజు గంటకి ఒక్క సూది. పదో రోజుకి మాట్లాడుతూ ముప్ఫై. ఇంకో తమాషా విను. కళ్ళు ఆనవంటాడా, కిటికీలోంచి మైదానం అవతలున్నవాణ్ణి చూసి, 'వాడి కాలరు వంకరగా ఉంది, లాక్కురా' అనేవాడు! నాకు అప్పుడైనా బుర్ర వెలగలేదు.

పరీక్ష రోజు బోర్లా పడుకున్నాను. వెనకాల మాస్టారు 'ధైర్యం!' అని మొదలెట్టాడు. నాకు బొమ్మ కనపడలేదమ్మా, సూది బెజ్జం కనపడింది. ఊపిరి వదిలాను. ఆ ఖాళీలో నొక్కాను. పదికి తొమ్మిది! పదోది మాస్టారి ఈల చెడగొట్టింది, అది నా తప్పు కాదు.

అంతలో పైనుంచి ఒక డాక్టరు దిగాడు. సిపాయిల మీద ఒత్తిడి ఎంతుందో కొలవడానికట. మా అందరి రొమ్ములకీ పట్టీలు కట్టి, వైర్లు తగిలించి, పక్కన టపాకాయలు పేల్చాడు. అందరి గుండెలూ గుర్రాల్లా దౌడు తీశాయి, నాది ఎద్దుబండిలా నడిచింది. ఏం తిన్నావు, ఏం తాగావు అని గుచ్చి గుచ్చి అడిగాడు. సూదీ దారం సంగతి చెప్పాను. ఆయన అది రాసుకుని వెళ్ళాడో లేదో, పైనుంచి ఉత్తర్వు: మంగళవారం మంగళవారం పది గంటలకి, నూట ఇరవై మందీ మైదానంలో బాసింపట్టు వేసుక్కూర్చుని సూదుల్లో దారం ఎక్కించాలి! మాస్టారు కూడా! ఆయన సూది వైపు చూసి, 'ధైర్యం!' అని అరిచాడు. సూది వింటుందా? దర్జీ మామ మాత్రం బుట్ట పట్టుకుని వరసల మధ్య గంభీరంగా తిరుగుతూ, ఎక్కించిన సూదులన్నీ ఏరుకునేవాడు. వారానికి సరిపడా.

నాకు దూరంగా కొండ మీద కాపలాకి బదిలీ అయింది. చెప్పి వెళ్దామని తెల్లారగట్లే ఆ గదికి వెళ్ళాను. బుట్టలో సూదులు అయిపోయినట్టున్నాయి. కిటికీ దగ్గర నిలబడి మామ ఒక్కడే సూదిలో దారం ఎక్కించుకుంటున్నాడు. కళ్ళు సూది మీదే ఉన్నాయి, సూటిగా. చేతులే... వాటి ముందు నా వణుకెంత, తల్లీ! ఆ చేతులు రెండూ గాలికి ఎగిరే కాగితాల్లా ఉన్నాయి. ఊపిరి వదులుతున్నాడు, ఆగుతున్నాడు, అయినా దూరటం లేదు. పాపం, మాకు చెప్పిన మంత్రం ఆయన మీద పని చెయ్యలేదు.

నేను వెనక్కి నాలుగడుగులు వేసి, గట్టిగా దగ్గి, అప్పుడు లోపలికి వెళ్ళాను. 'రా అల్లుడూ, కళ్ళు...' అన్నాడు. 'ఆనవు మామా, నాకు తెలుసుగా' అన్నాను. ఆయన సూదుల పెట్టెలో ఉన్నవాటన్నిటికీ దారం ఎక్కించి బండెక్కాను. ఎన్నో లెక్క పెట్టలేదు. మళ్ళీ ఆయన్ని చూడనే లేదు...

అదిగో! ఊడిందా బొత్తాం? చెప్తే విన్నావా? దిక్కులు చూడకు, ఆ సూదీ దారమూ ఇలా పట్రా. ఉండు ఉండు, నాకివ్వకు. నువ్వే ఎక్కించు. నాకు కళ్ళు ఆనవు.